నిమ్మ మొక్క ముందు నలభై నిమిషాలు

నాది నైట్ డ్యూటీ. రాత్రంతా ల్యాబ్‌లో మైక్రోస్కోప్ ముందు కూర్చుని రక్తం స్లైడ్లు చూడటం నా పని. ఇంటికి వచ్చేసరికి ఆరున్నర అవుతుంది. బ్యాగ్ కుర్చీలో పెట్టి, ముఖం కడుక్కుని, కెమెరా పట్టుకుని మేడ మీదికి వెళ్తాను. కళ్లు మూతలు పడేలోపు నాకు మిగిలేది నలభై నిమిషాలు. నాలుగేళ్లుగా నేను తీసిన పురుగుల ఫోటోలు, పూల ఫోటోలు, పిట్టల ఫోటోలు దాదాపు అన్నీ ఆ నలభై నిమిషాల్లో తీసినవే. అందులోనూ సగానికి పైగా ఒకే ఒక్క నిమ్మ మొక్క దగ్గర తీసినవి.

ఫోటోలు చూసినవాళ్లు ముందుగా అడిగేది, వీటి కోసం ఎక్కడికి వెళ్తావు అని. ఎక్కడికీ వెళ్లను. పెద్ద కుండీలో నా భుజం ఎత్తు పెరిగిన ఆ మొక్క ముందు ముక్కాలి పీట వేసుకుని కూర్చుంటాను. పోయిన నెల ఆ మొక్క మీద నేను చూసిన సంగతి ఒకటి ఇంకా మనసులో తిరుగుతూనే ఉంది. అది రాద్దామనే మొదలుపెట్టాను, కానీ అది అర్థం కావాలంటే కొంచెం వెనక నుంచి రావాలి.

పొద్దున వేళ నాకు దొరకడం నిజంగా అదృష్టం. చాలా పురుగులకు ఒంట్లో వేడి బయటి నుంచే రావాలి. ఎండ పడేదాకా అవి మందంగా ఉంటాయి. మధ్యాహ్నం మన నీడ పడితేనే లేచిపోయే తూనీగ, తెల్లవారుతున్నప్పుడు ఒళ్లంతా మంచు చుక్కలతో అలాగే అతుక్కుని ఉంటుంది. లెన్స్ జానెడు దూరంలోకి వెళ్లినా కదలదు. మొదటి ఏడాది చలికాలంలో ఒక రోజు ఎండిపోయిన పుల్ల మీద ఆరు నీలి చారల తేనెటీగలు వరసగా వేలాడుతూ కనిపించాయి. చచ్చిపోయాయేమో అనుకున్నాను. దగ్గరికి వెళ్లి చూస్తే ఒక్కొక్కటీ పుల్లను దవడలతో కరిచి పట్టుకుని ఉంది. కాళ్లు కడుపు కిందికి ముడుచుకుని, ఒట్టి నోటి పట్టు మీదే ఒళ్లంతా గాల్లో ఆనించి నిద్రపోతున్నాయి. ఈ జాతిలో మగవాటికి గూడు ఉండదు, రాత్రిళ్లు ఇలాగే గడుపుతాయని తర్వాత తెలిసింది. ఎండ ఆ పుల్ల దాకా వచ్చాక ముందు ఒకటి మీసాలు దువ్వుకుంది. తర్వాత దాని ఒళ్లు సన్నగా వణకడం మొదలైంది. అది చలి వణుకు కాదు, ఎగరడానికి కావలసిన కండరాలను అలా వేడి చేసుకుంటుంది. రెండు నిమిషాల్లో ఆరూ వెళ్లిపోయాయి. నేను పుల్ల వైపు చూస్తూ ఇంకాసేపు అక్కడే ఉండిపోయాను. అలాంటి నిద్ర నేనూ రోజూ చూస్తాను, డ్యూటీ చివర్లో కుర్చీకి తల ఆనించి కునుకు తీసేవాళ్లలో.

మొదట్లో నా దగ్గర చిన్నవాటిని దగ్గరగా తీసే మాక్రో లెన్స్ లేదు. ఒక క్రాప్ సెన్సార్ కెమెరా (సెన్సార్, అంటే లోపల బొమ్మ పడే పలక, కాస్త చిన్నది), దానితో పాటు వచ్చిన లెన్స్, ఎప్పటిదో పాత 50 ఎంఎం మాన్యువల్ లెన్స్ ఉండేవి. ఆ 50ని తిరగేసి, రివర్స్ రింగ్‌తో కెమెరాకి బిగించాను. అలా బిగిస్తే పురుగు దాని అసలు సైజుకి దగ్గరగా సెన్సార్ మీద పడుతుంది. మాక్రో అని గట్టిగా చెప్పుకునేది దీన్నే, ఒకటికి ఒకటి. నా సెన్సార్ వెడల్పు సుమారు 23 మిల్లీమీటర్లు కాబట్టి అంత పొడవున్న పురుగు ఫ్రేమ్ ఈ చివర నుంచి ఆ చివర దాకా నిండిపోతుంది. అదే 28 ఎంఎం లెన్స్ తిరగేస్తే రెండు రెట్లు దాటుతుంది. దూరంగా ఉన్నవాటిని చిన్నగా చూపించే లెన్సే తిరగేస్తే దగ్గరివాటిని అంత పెద్దగా చూపిస్తుంది.

తిరగేసిన లెన్స్‌కీ కెమెరాకీ సంబంధం తెగిపోతుంది. అపర్చర్‌ని, అంటే వెలుగు వచ్చే రంధ్రాన్ని, చేత్తో తిప్పాలి, తిప్పగానే వ్యూఫైండర్ చీకటైపోతుంది. పైగా పురుగుకి మరీ దగ్గరగా వెళ్లాలి. అయినా రెండేళ్లు దానితోనే తీశాను, ఓపిక అదే నేర్పింది. తర్వాతే 100 ఎంఎం మాక్రో కొనుక్కున్నాను. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి నేను చెప్పేది కూడా ఇదే, వెంటనే పెద్ద లెన్స్ జోలికి పోవద్దు. ముందు ఎక్స్‌టెన్షన్ ట్యూబులు చాలు, అంటే లోపల గాజు లేని ఒట్టి గొట్టాలు. 50 ఎంఎం లెన్స్ వెనక 36 ఎంఎం గొట్టం పెడితే 36ని 50తో భాగించినంత, అంటే అసలు సైజులో దాదాపు 0.72 వంతుగా పురుగు సెన్సార్ మీద పడుతుంది. చిన్న జూమ్ లెన్స్ ఉన్నవాళ్లు రేనాక్స్ డీసీఆర్-250 లాంటి క్లోజప్ లెన్స్ ముందు తగిలించుకున్నా పనవుతుంది. దానితో తీసేటప్పుడు పురుగుకీ లెన్స్‌కీ మధ్య దాదాపు పన్నెండున్నర సెంటీమీటర్లు ఉంటుంది. మొదటి రోజులకి అది చాలు.

అసలు కష్టం ఫోకస్‌లో ఉంది. ఒకటికి ఒకటి దగ్గర అపర్చర్‌ని ఎఫ్/11 దాకా కుదించినా షార్ప్‌గా వచ్చే మందం మిల్లీమీటరు కూడా ఉండదు. మొదట ఈ అంకె చూసినప్పుడు నాకు కొత్తగా అనిపించలేదు, ఎందుకంటే నా ఉద్యోగమే అది. స్లైడ్ మీద ఆయిల్ చుక్క వేసి నూరు రెట్ల ఆబ్జెక్టివ్ దించాక, ఫైన్ నాబ్ వెంట్రుకవాసి తిప్పితే ఒక కణం తేలుతుంది, పక్కది మునుగుతుంది. కళ్లకి ఆ పొరలు అలవాటు. అయితే మైక్రోస్కోప్ బల్ల మీద ఉంటుంది. మేడ మీద నా ఒళ్లే బల్ల. లెన్స్ ఫోకస్ రింగ్‌ని ఒకటికి ఒకటి దగ్గర ఉంచేసి, ఇక ముట్టుకోను. నడుము నుంచి ముందుకీ వెనక్కీ సన్నగా ఊగుతూ కన్ను తేలగానే నొక్కుతాను. ఎడమ చేత్తో కొమ్మ పట్టుకుని, అదే చేతి మణికట్టు మీద లెన్స్ ఆనిస్తాను. అప్పుడు గాలి వీచినా కొమ్మ, లెన్స్, చెయ్యి అన్నీ కలిసే ఊగుతాయి. ఈ ఒక్క అలవాటుతో నా ఫోటోల్లో చెడిపోయేవి సగానికి తగ్గాయి. మందం కోసం ఎఫ్/22కి వెళ్లడం నేను మానేశాను. అంత చిన్న రంధ్రంలోంచి వచ్చే వెలుగు అంచుల దగ్గర చెదిరిపోయి ఫోటో మొత్తం మెత్తబడిపోతుంది. ఫోటోలో ఏది తేలాలో మనమే తేల్చుకోవాలి, మిగతాది మసకలోకి వెళ్లనివ్వాలి. నేను ఎప్పుడూ కన్నే ఎంచుకుంటాను. ఎంచుకునేదాన్ని అనాలేమో, పోయిన నెల దాకా.

ఇక నిమ్మ మొక్క. ఇది మా అమ్మది. నేను కెమెరా తెచ్చేనాటికే దాని మీద అమ్మకీ పురుగులకీ యుద్ధం నడుస్తోంది. లేత ఆకుల అంచులు ఎవరో పంటితో కొరికినట్టు పోయేవి. ఒక రోజు ఆకు కింద లేత పసుపు రంగులో ఆవగింజంత గుండు ఒకటి కనిపించింది. తిరగేసిన 28తో తీసి పెద్దది చేస్తే ముత్యంలా ఉంది. నిమ్మ సీతాకోకచిలుక గుడ్డు. ఆ సీతాకోకచిలుక ఒకచోట గుట్టగా పెట్టదు. ఒక ఆకు మీద కాలితో తట్టి చూసి ఒకటి పెట్టి, ఎగిరి ఇంకో ఆకు మీద ఇంకోటి పెడుతుంది. మూడు నాలుగు రోజుల్లో పిల్ల బయటికి వచ్చి ముందు తన గుడ్డు పెంకునే తినేసింది. ఆ తర్వాతే ఆకు మీదికి వెళ్లింది.

చిన్నప్పుడు ఆ పురుగు గోధుమ, నలుపు, మధ్యలో తెల్ల మచ్చతో అచ్చం పిట్ట రెట్టలా ఉంటుంది. తడి మెరుపు కూడా అలాగే ఉంటుంది. అమ్మ కూడా అది రెట్టే అనుకుని నీళ్లతో కడగబోయింది. నాలుగుసార్లు చర్మం విడిచాక, చివరి దశలో మాత్రం పూర్తిగా ఆకుపచ్చగా మారిపోయింది. వీపు ముందు భాగంలో రెండు కళ్లలాంటి గుర్తులు తేలాయి. అందరం వాటినే కళ్లనుకుంటాం. లెన్స్ కిందికి దించి అసలు తల వెతికితే, ఆ ఉబ్బు కింద ముడుచుకుని గోధుమ రంగులో చిన్న తల ఉంది. దాని రెండు పక్కలా ఆరేసి పూసల్లాంటి కళ్లు, సూది మొనతో చుక్కలు పెట్టినట్టు. ఆ పన్నెండు చుక్కలు ఒక్క ఫ్రేమ్‌లో కుదరవు, ఒక పక్కవి ఆరూ తీయడానికే నాకు మూడు పొద్దులు పట్టింది.

దాన్ని తీస్తుండగా ఒకసారి లెన్స్ హుడ్ పొరపాటున ఆకుకి తగిలింది. వెంటనే తల వెనక నుంచి ఎర్రటి రెండు కొమ్ములు, పాము నాలుకలా తడిగా, బయటికి పొడుచుకొచ్చాయి. ఘాటైన వాసన వచ్చింది. చీమల్నీ పిట్టల్నీ బెదరగొట్టడానికి దాని దగ్గరున్న ఆయుధం అది. క్షణంలో ఆ కొమ్ములు లోపలికి వెళ్లిపోయాయి. ఫోటో వచ్చింది, బాగా కూడా వచ్చింది. కానీ అది భయపడితే వచ్చిన ఫోటో. దాని కోసం మళ్లీ ఎప్పుడూ ఆకు తట్టలేదు.

అమ్మకి ఈ వరసంతా ల్యాప్‌టాప్‌లో పెద్దది చేసి చూపించాను, గుడ్డు నుంచి చర్మం విడిచే దాకా. చాలాసేపు మాట్లాడలేదు.

"వీటికి ఈ మొక్క తప్ప ఇంకోటి లేదా?" అంది.

"నిమ్మ, నారింజ కుటుంబం మొక్కలే తింటాయమ్మా. మన దగ్గరున్నది ఇదొక్కటే."

"సరే, పై కొమ్మలు నావి, కింది కొమ్మలు వాటివి. పైకొస్తే కిందికి దించేస్తాను, చెప్తున్నా."

అప్పటి నుంచి నిజంగానే అలా దించుతోంది. ఆకుతో సహా తుంచి, కింది కొమ్మకి ఆనించి పెడుతుంది. మందు కొట్టడం మానేసింది. మానేశాక మొక్క మీదికి ఎవరెవరు వచ్చారో చెప్పాలి. లేత చిగుళ్లకి పేనుబంక పట్టింది. అది విసర్జించే తియ్యటి జిగురు కోసం చీమలు వచ్చాయి. పేనుబంకను తినడానికి అక్షింతల పురుగులు వచ్చాయి, వాటి పిల్లలు మొసళ్లలా ఉంటాయని దగ్గరగా చూసినవాళ్లకే తెలుస్తుంది. ఆకు కింద వెంట్రుకంత కాడల చివర్న తెల్లటి గుడ్లు కొన్ని నిలబడి కనిపించాయి, అల్లిక రెక్కల పురుగు పెట్టినవి. నెల తిరిగేసరికి చిగుళ్లు శుభ్రపడ్డాయి. పూర్తిగా కాదు, మొక్క తట్టుకునేంత.

ఆ వానాకాలంలోనే గొల్లభామ ఒకటి కుండీ అంచున కాపరం పెట్టింది. దాని కన్ను మధ్యలో నల్లటి చుక్క ఉంటుంది. నేను కుడివైపు జరిగితే ఆ చుక్క కుడివైపు జరిగింది, ఎడమకి వస్తే ఎడమకి వచ్చింది. నన్నే చూస్తోందని ఒళ్లు జలదరించింది. నిజానికి అది కనుపాప కాదు. దాని కన్ను వేల చిన్న కళ్ల కూర్పు. ఒక్కో చిన్న కన్నూ ఒక గొట్టం లాంటిది. అందులో సరిగ్గా మన వైపు గురిపెట్టి ఉన్న గొట్టాలు వెలుగుని లోపలికి లాగేసుకోవడం వల్ల మనకి నల్లగా కనబడతాయి. మనం ఎటు జరిగితే అటున్న గొట్టాలు నల్లబడతాయి. తెలిసిన తర్వాత కూడా ఆ చుక్క నా వెంట తిరుగుతుంటే ఎదురుగా ఒక మనిషి ఉన్నట్టే ఉంటుంది. గెంతే సాలీడు వేరు, అది నిజంగానే తిరిగి చూస్తుంది. ఎనిమిది కళ్లలో ముందున్న రెండు పెద్దవాటితో లెన్స్ గాజులోకి సూటిగా చూస్తుంది, తల వంచి మరీ.

మంచు చుక్కల గురించి నేను చాలాకాలం పొరబడ్డాను. గడ్డి పరకల కొనల మీద, ఆకు అంచుల చుట్టూ పూసల దండలా వరసగా నిలిచే చుక్కల్ని మంచు అనే రాస్తూ వచ్చాను. మంచైతే ఆకంతా ఎక్కడపడితే అక్కడ పట్టాలి, పక్కనున్న ఇనుప కమ్మీ మీద కూడా పట్టాలి. ఇవి మాత్రం సరిగ్గా ఈనెలు అంచుకి చేరే చోటే నిలుస్తాయి. రాత్రి నేల తడిగా ఉంటే వేర్లు నీళ్లు పైకి నెడుతూనే ఉంటాయి. ఆకులు ఆవిరి వదలని వేళ ఆ నీళ్లు అంచుల్లోని సన్నటి రంధ్రాల్లోంచి చుక్కలుగా బయటికి వస్తాయి. అంటే అది గాలిలోని తేమ పట్టింది కాదు, మొక్క లోపలి నీరు. ఈ తేడా తెలిశాక ఆ చుక్కల్ని తీసే తీరే మారింది నాకు. ఇప్పుడు చుక్కతో పాటు అది బయటికి వచ్చిన ఈనె కూడా ఫోకస్‌లో ఉండేలా చూసుకుంటాను.

గోడ పగులులో మొలిచిన గడ్డి చామంతి గురించి కూడా ఒక మాట. అందరం కలుపని పీకేసే మొక్క. పువ్వు అనుకునేది ఒక పువ్వు కాదు. చుట్టూ ఉన్న తెల్లటి రేకుల్లో ఒక్కొక్కటీ ఒక పువ్వు, మధ్యలో పసుపు దిండులో ఒక్కొక్క చుక్కా ఒక పువ్వు. దగ్గరికి వెళితే ఆ పసుపు చుక్కలు అయిదేసి అంచులతో చిన్న గంటల్లా విచ్చుకుని ఉంటాయి, బయటి వరస ముందు, లోపలి వరస తర్వాత. ఒకే దిండులో విచ్చినవి, విచ్చబోయేవి, వాడినవి మూడూ దొరుకుతాయి. కలుపు మొక్కల ఫోటోలకి మెచ్చుకోళ్లు తక్కువే. నాకు మాత్రం అవే ఎక్కువ ఇష్టం.

వెలుగు విషయం త్వరగా చెప్పేస్తాను. పొద్దున వెలుగు అందంగా ఉంటుంది కానీ ఎఫ్/11కి చాలదు. అందుకే ఫ్లాష్ వాడతాను, ముందు వెలుగుని మెత్తబరచడానికి తెల్ల ప్లాస్టిక్ డబ్బా కోసి చేసిన డిఫ్యూజర్, లోపల ఫాయిల్, చివర ట్రేసింగ్ పేపర్. ఒట్టి ఫ్లాష్ పడితే పురుగు పెంకు మీద తెల్ల మచ్చ తప్ప ఏమీ మిగలదు. కాగితం ఎంత వెడల్పుగా, పురుగుకి ఎంత దగ్గరగా ఉంటే వెలుగు అంత మెత్తగా పరుచుకుంటుంది. ఫ్లాష్ తక్కువ పవర్‌లో వెలిగేది సెకనులో వేల వంతు మాత్రమే కాబట్టి చేతి వణుకు కూడా అందులో ఆగిపోతుంది. ఫోకస్ కొంచెం కొంచెం జరుపుతూ ఇరవై, ముప్పై ఫోటోలు తీసి జెరీన్ స్టాకర్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో కలిపితే పురుగు మొత్తం షార్ప్‌గా వస్తుంది. నిద్రపోతున్న పురుగు దగ్గర అప్పుడప్పుడు చేస్తాను. అంతసేపు కదలకూడదని పురుగుని ఫ్రిజ్‌లో పెట్టి తెచ్చేవాళ్లున్నారు. నేను ఆ పని చేయను, చేసిన ఫోటో అని తెలిస్తే మెచ్చుకోలేను కూడా. చల్లబడిన పురుగు ఆకుని పట్టుకున్న తీరులోనే తేడా తెలుస్తుంది, కాళ్లు బరువు మోయవు.

పిట్టల దగ్గర నేను ఇంకా విద్యార్థినే. పురుగుల దగ్గరికి మనం వెళ్తాం, పిట్టలే మన దగ్గరికి రావాలి. మట్టి మూకుడులో నీళ్లు పెట్టి, 300 ఎంఎం లెన్స్‌తో గుమ్మం వెనక కూర్చుంటాను. షటర్ వేగం సెకనులో 1/1000వ వంతుకి తగ్గనివ్వను. మగ తేనెపిట్ట నీడలో నల్లగా ఉంటుంది, తల ఇటు తిప్పగానే మెడ మీద ఊదా, ఆకుపచ్చ ఒక్కసారిగా భగ్గుమంటాయి. అది రంగు పదార్థం వల్ల వచ్చే రంగు కాదు, ఈకలోని సన్నటి పొరల మీద వెలుగు పడి తిరిగి వచ్చేటప్పుడు పుట్టేది. అందుకే కోణం మారితే ఆరిపోతుంది. రాలిన ఈక ఒకటి దొరికితే మాక్రో కింద పెట్టి చూడండి. ఈక రేకులు ఒకదానికొకటి కొక్కేలతో జిప్‌లా పట్టుకుని ఉంటాయి. వేళ్లతో విడదీసి మళ్లీ నిమిరితే అతుక్కుంటాయి. పిట్ట ముక్కుతో ఒళ్లు సర్దుకోవడంలో ఈ జిప్ వేసుకునే పని కూడా ఉంది.

ఇక్కడ ఒక తప్పు చెప్పుకోవాలి. రెండేళ్ల క్రితం రాధామనోహరం తీగలో పికిలిపిట్ట గూడు కట్టింది. కళ్లు తెరవని పిల్లలు మూడు. గూటికి రెండు కొమ్మలు అడ్డుగా ఉన్నాయి. వాటిని దారంతో పక్కకి లాగి కట్టాను. వెలుగు బాగా వచ్చింది. మూడు నోళ్లు తెరిచిన ఫోటో, లోపలి ఎరుపుతో సహా, అనుకున్నట్టే వచ్చింది. మర్నాడు కూడా తీశాను. కొమ్మలు వదిలెయ్యాలని గుర్తుంది, రేపు ఇంకొక్కసారి తీసి వదులుదాం అనుకున్నాను. మూడో పొద్దున గూడు ఖాళీ. పీచు కూడా చెదరలేదు. ఎవరు తీసుకెళ్లారో నేను చూడలేదు. కానీ ముందు రోజు నేను తీస్తున్నంతసేపూ నీళ్ల ట్యాంకు మీద కాకి ఒకటి కూర్చుని ఉండటం గుర్తొచ్చింది. అది నా వైపే చూస్తోందని అప్పుడు అనుకున్నాను. తల్లి పిట్ట ముక్కులో పచ్చపురుగుతో వచ్చి గూటి అంచు మీద వాలింది. లోపలికి చూసింది. పక్క కొమ్మ మీదికి గెంతి, మళ్లీ వచ్చి చూసింది. పురుగు వదల్లేదు. ఎంతసేపు తిరిగిందో నేను చూడలేకపోయాను, కిందికి వచ్చేశాను.

ఆ ఫోటోలు ఎవరికీ చూపించలేదు, చెరిపేయనూ లేదు. అప్పటి నుంచి గూడు కనబడితే కెమెరా ఎత్తను. ఆకులు అడ్డుంటే అవి అడ్డు ఉండటానికే ఉన్నాయి. దయచేసి మీరూ గూళ్ల దగ్గర ఆకు కదపకండి, రోజూ అదే దారిన వెళ్లి దారి చూపించకండి.

ఇక పోయిన నెల సంగతికి వస్తాను. కింది కొమ్మ మీద ఆకుపచ్చ పురుగు ఒకటి తిండి మానేసి, కొమ్మకి పట్టు దారంతో తోక అతికించుకుని, వీపు చుట్టూ మరో దారం నడుముకట్టులా బిగించుకుంది. మర్నాడు పొద్దున నేను వెళ్లేసరికి పైచర్మం జారిపోయి ప్యూపా, అంటే సీతాకోకచిలుకగా మారే ముందు దశ, బయటపడింది. లేత ఆకుపచ్చ, ఇంకా తడి మెత్తదనం పోలేదు. ఇంత కొత్త ప్యూపా నాకు దొరకడం అదే మొదటిసారి. తల వైపున్న రెండు మొనల మీద ఫోకస్ పెట్టి ఇరవై నిమిషాల్లో నలభై ఫోటోలు తీశాను.

మామూలుగా ఎనిమిది, పది రోజుల్లో సీతాకోకచిలుక వస్తుంది. వచ్చే ముందు రోజు ప్యూపా నల్లబడి, లోపలి రెక్కల మచ్చలు పైకి కనిపిస్తాయి. పదో రోజుకీ నల్లబడలేదు. ఆకుపచ్చ పోయి ఎండుటాకు రంగు వచ్చింది. ప్రాణమున్న ప్యూపా కొమ్మ ఊగితే విదిలిస్తుంది, ఇది బిగుసుకుపోయి ఉంది. పదహారో రోజు పొద్దున దాని పక్కన గుండుసూది తలంత గుండ్రటి రంధ్రం కనిపించింది. చూస్తుండగానే అందులోంచి రెండు మీసాలు వచ్చాయి, తర్వాత తల, తర్వాత రెండు మిల్లీమీటర్ల ఒళ్లు మొత్తం. ఆకుపచ్చ లోహంలా మెరిసే కందిరీగ. దాని వెనక ఇంకోటి. తిరగేసిన 28 బిగించుకుని తీస్తూనే లెక్కపెట్టాను. ముప్పై ఏడు దాకా లెక్కించి వదిలేశాను, ఇంకా వస్తూనే ఉన్నాయి. ఫోటో పెడితే ఏ ప్రాణో గుర్తుపట్టే ఐనాచురలిస్ట్ సైట్‌లో పెడితే టెరోమాలిడే కుటుంబం అని తేలింది. వాటిలో కొన్ని, గొంగళిపురుగు ప్యూపాగా మారే వేళ కోసం పక్కనే కాచుకుని ఉంటాయట. చర్మం గట్టిపడకముందే అందులో గుడ్లు పెడతాయి.

గట్టిపడకముందే అన్న మాట దగ్గర ఆగాను. ఆ మొదటి రోజు నలభై ఫోటోలు మళ్లీ తెరిచాను. తల మొనలు సూది కొనల్లా షార్ప్‌గా ఉన్నాయి. వెనక, వీపు మీద, మసకలో ఒక నల్ల చుక్క. అప్పుడు కూడా చూశాను దాన్ని, ఆకు నలుసు అనుకున్నాను. ఒక ఫోటో నుంచి ఇంకో ఫోటోకి వెళ్తుంటే చుక్క జరిగింది. ఒకదానిలో నడుముకట్టు దారానికి ఇవతల, మరో దానిలో అవతల. పూర్తిగా పెద్దది చేస్తే మసకలోనే రెండు మీసాలు తెలిశాయి. పదకొండు ఫోటోల్లో ఉంది. నేను జానెడు దూరంలో ఊపిరి బిగబట్టి కూర్చున్న ఇరవై నిమిషాలూ అది తన పని చేసుకుంటూనే ఉంది, నా ఫోకస్‌కి రెండు మూడు మిల్లీమీటర్లు వెనక.

మైక్రోస్కోప్ దగ్గర నేను ఎప్పుడూ ఒకే పొర చూసి స్లైడ్ తీసెయ్యను. పైకీ కిందికీ తిప్పి చూడటం మాకు మొదటి రోజు నేర్పే పని.

అమ్మ పైకి వచ్చి, "వచ్చిందా సీతాకోకచిలుక?" అని అడిగింది.

"రాలేదమ్మా. ఇవి వచ్చాయి" అని కెమెరా వెనక స్క్రీన్ చూపించాను. కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది. ప్యూపా ఖాళీగా ఉన్న కొమ్మ వైపు కూడా చూసింది.

"ఇప్పుడివి ఎక్కడికి పోతాయే?"

నేను చూపించాల్సిన పని లేకపోయింది, తనే చూసింది. రెండు కొమ్మల అవతల ఇంకో ఆకుపచ్చ పురుగు తిండి మానేసి, కాండం వెంట మెల్లగా దిగుతూ తోక అతికించుకునే చోటు వెతుక్కుంటోంది. నిద్ర వస్తోంది, అయినా పీట జరుపుకుని మళ్లీ కూర్చున్నాను. ఈసారి ఫోకస్ తల మీద పెట్టలేదు, వీపు మీద పెట్టాను.